స్టేషన్ పక్కన ఎవరి ఇల్లు? మసాచుసెట్స్ శివారు ఊళ్ల గృహ వివాదంపై ఒక సమీక్ష

బోస్టన్‌ను దక్షిణాన ఆనుకుని మిల్టన్ అనే ఊరుంది. జనాభా సుమారు 28 వేలు. 2024 ఫిబ్రవరి 14న ఆ ఊరి ఓటర్లు ఒకే ఒక్క ప్రశ్న మీద ఓటేశారు. వాళ్లు ఎన్నుకున్న సభ్యులే అంతకు రెండు నెలల ముందు టౌన్ మీటింగ్‌లో కూర్చుని, ట్రాలీ స్టేషన్ల దగ్గరా మరికొన్ని చోట్లా అపార్ట్‌మెంట్లకు వీలిస్తూ జోనింగ్‌ను, అంటే ఏ నేల మీద ఏం కట్టవచ్చన్న నియమాలను, మార్చారు. ఆ మార్పు ఉండాలా, పోవాలా? నూటికి 54 మంది పోవాలన్నారు. రెండు వారాలు తిరక్కముందే రాష్ట్ర అటార్నీ జనరల్ ఆండ్రియా క్యాంప్‌బెల్ ఆ ఊరి మీద మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానంలో దావా వేశారు.

దావా తేలింది. ఊరు కూడా చివరికి చట్టానికి లోబడింది. వాదం మాత్రం తెగలేదు. పెద్ద నగరానికి రోజూ ఉద్యోగాలకు వెళ్లొచ్చే చిన్న ఊళ్లలో కొత్త ఇళ్లను అడ్డుకోవడం అమెరికాలో పాత సంగతే. మసాచుసెట్స్‌లో అది ఇప్పుడు 177 ఊళ్లూ నగరాల సమస్య. ఇది ఇంత చిక్కుపడడానికి కారణం ఒకటుంది. మూడు వేర్వేరు ప్రశ్నల్ని అందరూ ఒకే ప్రశ్నగా వాదిస్తున్నారు. ఇళ్లు ఎన్ని కావాలి? ఎక్కడ కట్టాలో ఎవరు నిర్ణయించాలి? వచ్చే కుటుంబాలకు బడి, నీళ్లు, రోడ్డు ఎవరి ఖర్చుతో? మొదటిదానికి చెప్పిన జవాబు మూడోదానికి సరిపోదు. రెండోదాని మీద కోపం మొదటిదాని మీదికి మళ్లుతుంది. వీటిని విడదీసి చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం.

చట్టం ఏమంటుంది, ఏమనదు

2021 జనవరిలో అప్పటి గవర్నర్ చార్లీ బేకర్ సంతకం చేసిన ఆర్థికాభివృద్ధి చట్టంలో ఒక చిన్న సెక్షన్ ఉంది. రాష్ట్ర జోనింగ్ చట్టంలో అది 3ఏ సెక్షన్‌గా చేరింది. బోస్టన్ ప్రాంతంలో రైళ్లు, సబ్‌వే, బస్సులు నడిపే సంస్థ ఎంబీటీఏ. బోస్టన్ మినహా, దాని సేవల పరిధిలోనూ ఆ పక్కనా ఉన్న ప్రతి ఊరూ కనీసం ఒక ప్రాంతంలో బహుళ కుటుంబ గృహాలకు ప్రత్యేక అనుమతి అక్కర్లేకుండా వీలు కల్పించాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఎకరానికి కనీసం 15 ఇళ్లు పట్టాలి. వయసు షరతు పెట్టకూడదు. పిల్లలున్న కుటుంబాలకు అనువుగా ఉండాలి. స్టేషన్ ఉన్న ఊళ్లో ఆ ప్రాంతం స్టేషన్‌కు అర మైలు లోపు ఉండాలి.

చట్టం అమలుకు ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు ఊళ్లను నాలుగు తరగతులు చేశాయి. సబ్‌వే, ట్రాలీ ఉన్న ఊళ్లు తమ మొత్తం ఇళ్లలో 25 శాతానికి సమానమైన సామర్థ్యం చూపాలి. కమ్యూటర్ రైలు ఊళ్లకు 15 శాతం, పక్క ఊళ్లకు 10 శాతం, మరీ చిన్నవాటికి 5 శాతం. మిల్టన్‌కు వచ్చిన సంఖ్య 2,461.

ఈ సంఖ్య చుట్టూనే ఎక్కువ గందరగోళం నడిచింది. 2,461 ఇళ్లు కట్టమని చట్టం చెప్పలేదు. ఆ నేల మీద ఇప్పుడేమీ లేదనుకుని కొత్త నియమాల ప్రకారం ఎన్ని ఇళ్లు పడతాయో లెక్కవేస్తే వచ్చే సంఖ్య అది. ఇప్పటికే అక్కడున్న ఇళ్లూ అందులోకే వస్తాయి. ఎవరూ అమ్మకపోతే, ఎవరూ కట్టకపోతే ఒక్క ఇల్లూ రాదు. ఎకరానికి 15 అంటే ఆకాశహర్మ్యాలూ కావు. బోస్టన్ పాత వీధుల్లో వరసగా కనిపించే మూడంతస్తుల చెక్క ఇళ్లు, త్రీ డెక్కర్లు, ఆ సాంద్రతను తేలిగ్గా దాటుతాయి. మిల్టన్‌లో ప్రచారం మాత్రం ఊరి ఇళ్లు రాత్రికి రాత్రి నాలుగో వంతు పెరిగిపోతాయన్నట్టు సాగింది. సమర్థకులు కూడా ఈ తేడాను తొలినాళ్లలో ఓపికగా వివరించలేదు. వాళ్ల ప్రచారంలో ఇది పెద్ద లోపం.

ఊరి చేతికి ఈ అధికారం ఎలా వచ్చింది

టౌన్ మీటింగ్‌ను మన గ్రామసభతో పోల్చవచ్చు గానీ దాని అధికారం చాలా ఎక్కువ. ఊరి బడ్జెట్టూ జోనింగూ దాని ఓటుతోనే నడుస్తాయి. చాలా చిన్న ఊళ్లలో ఓటర్లందరూ కూర్చుని ఓటేస్తారు. మిల్టన్ లాంటి పెద్ద ఊళ్లలో ఎన్నికైన సభ్యులు ఓటేస్తారు. మన దగ్గర హైదరాబాద్ శివార్ల మాస్టర్ ప్లాన్ హెచ్‌ఎండీఏ తయారుచేస్తుంది, ప్రభుత్వం ఆమోదిస్తుంది. ఏ గ్రామమూ దాని మీద కట్టుబడే ఓటు వేయదు. న్యూ ఇంగ్లండ్‌లో మొదటి మాటా చివరి మాటా ఊరిదేనన్న నమ్మకం మూడు వందల ఏళ్లకు పైబడింది. జోనింగ్ అధికారం మాత్రం అంత పాతది కాదు.

1912లో మసాచుసెట్స్ శాసనసభ ఊళ్ల కోసం ఒక టెనెమెంట్ చట్టం చేసింది. అగ్నిప్రమాదాలు, పారిశుద్ధ్యం పేరుతో త్రీ డెక్కర్లను నిషేధించే వీలు ఊళ్లకు దాంతో దక్కింది. బోస్టన్ చుట్టూ ఎన్నో శివార్లు దాన్ని వాడుకున్నాయి. ఆ ఇళ్లలో ఉండేది ఎక్కువగా కొత్తగా వచ్చిన వలస కార్మికులు. 1926లో యూక్లిడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్ రాజ్యాంగబద్ధమేనంది. ఒంటరి ఇళ్ల వీధిలోకి వచ్చే అపార్ట్‌మెంటును ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బోస్టన్ చుట్టూ 128వ నంబరు రహదారి వచ్చింది. శివార్లు విస్తరించాయి. ఇంటికి ఎకరం, రెండెకరాలు ఉండి తీరాలన్న నియమాలు వరసగా పుట్టుకొచ్చాయి.

మిల్టన్ సరిహద్దు నదికి అవతల ఉన్నది మాటపాన్, బోస్టన్ నగరంలోని పేట. 1968 తర్వాత కొన్నేళ్లపాటు బోస్టన్ బ్యాంకుల కూటమి ఒకటి నల్లజాతి కుటుంబాలకు గృహరుణాలిచ్చింది గానీ ఒక గీత గీసి దాని లోపలే ఇచ్చింది. మాటపాన్ ఆ గీత లోపల ఉంది. యూదు కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట కొన్నేళ్లలోనే నల్లజాతి పేటగా మారింది. నదికి ఇవతలి ఒడ్డు మారలేదు. నేటికీ మిల్టన్‌లో శ్వేతజాతీయులదే పెద్ద మెజారిటీ. ఈ చరిత్రను పక్కన పెట్టి ట్రాలీ స్టేషన్ల గొడవను కేవలం ట్రాఫిక్ సమస్యగా చదివితే సగమే అర్థమవుతుంది.

రాష్ట్రం తొలిసారి అడ్డు తగిలింది 1969లో. ఆ ఏడాది వచ్చిన 40బీ చట్టం, ఊళ్లో అందుబాటు ధర ఇళ్లు 10 శాతం కంటే తక్కువుంటే, అలాంటి ఇళ్లను కలిపి కట్టే నిర్మాణదారు ఊరి జోనింగ్‌ను దాటి రాష్ట్ర అప్పీళ్ల కమిటీకి వెళ్లే దారి తెరిచింది. 1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు మౌంట్ లారెల్ కేసులో ఇంకా ముందుకు వెళ్లి, పేద, మధ్యతరగతి ఇళ్లలో తన న్యాయమైన వాటాకు అభివృద్ధి చెందుతున్న ప్రతి ఊరూ చోటివ్వాలంది. మసాచుసెట్స్ అంత దూరం పోలేదు. 40బీ మీద శివార్లకు కోపం తగ్గనూ లేదు. 2010లో దాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన రాష్ట్రమంతటా ఓటుకు వచ్చి, 58 శాతం వ్యతిరేకతతో వీగిపోయింది.

ఈ వరసలో జోనింగ్‌తో సంబంధం లేనట్టు కనిపించే మరో చట్టముంది. 1980లో ఓటర్లే తెచ్చుకున్న ‘ప్రపోజిషన్ రెండున్నర’. ఊరు వసూలు చేసే మొత్తం ఆస్తి పన్ను ఏడాదికి రెండున్నర శాతం కంటే పెరగకూడదని, అంతకు మించాలంటే ఓటర్లను అడగాలని అది చెబుతుంది. కొత్త కట్టడాల మీద వచ్చే పన్ను ఈ పరిమితికి అదనం. ఊళ్లకు సొంతంగా ఇంకో పెద్ద ఆదాయ వనరు లేదు. నేటి వ్యతిరేకతలో సగానికి మూలం ఇక్కడుందని నేననుకుంటున్నాను.

వ్యతిరేకిస్తున్న వాళ్లు ఒక్కరు కారు

పత్రికలు, సమర్థకులు వీళ్లందరినీ ఒకే ముద్ర వేసి ఒకే మూట కడుతున్నారు. విడిగా వింటే కనీసం నాలుగు వాదనలు వినిపిస్తాయి. వాటి బలమూ ఒకటి కాదు.

మొదటిది స్వపరిపాలన వాదన. ఊరి నేల గురించి ఊరే తేల్చుకోవాలి, బోస్టన్‌లోని రాష్ట్ర భవనం కాదు అన్నది దీని సారం. మిల్టన్‌లో దీనికి ఒక స్థానిక కారణం కలిసింది. ఊరి గుండా పోయే మాటపాన్ ట్రాలీ రెండున్నర మైళ్ల లైను. 1940ల నాటి బోగీలే దాని మీద ఇంకా నడుస్తున్నాయి. దాన్ని చూపించి తమను సబ్‌వే నగరాలతో సమానంగా 25 శాతం తరగతిలో వేశారని ఊరివాళ్ల ఆక్షేపణ. ఈస్ట్ మిల్టన్ వాళ్లకు మరో గాయముంది. 1950లలో ఎక్స్‌ప్రెస్ రహదారి వాళ్ల కూడలిని చీల్చుకుంటూ పోయింది. అప్పుడూ పైనుంచే నిర్ణయించారు, ఇప్పుడూ పైనుంచే అంటారు వాళ్లు.

రెండోది ఖర్చు వాదన. బడి గదులు నిండిపోయాయి, అగ్నిమాపక సిబ్బంది చాలరు, పన్ను పెంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు, రాష్ట్రం జోనింగ్ మార్చమంటుందే గానీ డబ్బివ్వదు. అసలు చట్టంలో ఉన్నది శిక్షే. మాట వినని ఊరికి కొన్ని రాష్ట్ర గ్రాంట్లు ఆగిపోతాయి. మిల్టన్‌కు నదీతీరంలో గోడ పని కోసం ఇచ్చిన 1,40,800 డాలర్ల గ్రాంటును ఓటు తర్వాత రాష్ట్రం వెనక్కి తీసుకుంది. ఊరి కోపాన్ని పెంచడం తప్ప ఆ చర్య సాధించిందేమీ కనిపించదు.

మూడోది పర్యావరణ వాదన. ఇది ఊరిని బట్టి మారుతుంది. ఇప్స్‌విచ్ నది పరీవాహకంలో ఎండాకాలం నది అడుగు బయటపడే పరిస్థితి నిజంగా ఉంది. మురుగు కాలువలు లేక ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు మీద బతికే చిన్న ఊళ్లున్నాయి. అక్కడ ఎకరానికి 15 ఇళ్లు అన్న మాట కాగితం మీదే మిగులుతుంది. సబ్‌వే పక్కన, మురుగు లైన్లున్న ఊరివాళ్లు ఇదే వాదన ఎత్తుకుంటే బలం తగ్గిపోతుంది. స్టేషన్ దగ్గర ఇల్లు కట్టకపోతే అదే కుటుంబం ఇంకా దూరాన అడవి కొట్టి వేసిన కాలనీలో చేరి, రోజూ కారులో ఇదే దారిన వస్తుంది.

నాలుగోది పేదల పక్షాన చెప్పే వాదన. ఈ చట్టం అందుబాటు ధర ఇళ్ల కోసం కాదు, మార్కెట్ ధర ఇళ్ల కోసం అని దీని విమర్శ. ఇందులో నిజముంది. రాష్ట్ర నియమాల ప్రకారం ఊరు ఈ ప్రాంతాల్లో అందుబాటు ధర ఇళ్ల వాటాను మామూలుగా 10 శాతానికి మించి తప్పనిసరి చేయకూడదు. నిర్మాణం గిట్టుబాటవుతుందని లెక్కలతో చూపితే 20 శాతం దాకా పోవచ్చు. మిగిలిన ఇళ్లు మంచి జీతగాళ్లకే అందుతాయి.

ఈ నాలుగింటి వెనక, సభల్లో ఎవరూ బిగ్గరగా అనని అయిదోది ఉంది. ఇంటి విలువ. ఆర్థికవేత్త విలియం ఫిషెల్ 2001లో వేసిన పుస్తకంలో దీన్ని సానుభూతితోనే వివరించారు. సగటు కుటుంబానికి ఉన్న ఆస్తిలో ఎక్కువ భాగం ఒకే ఇంట్లో ఉంటుంది. ఆ ఇంటి విలువ పడిపోతే కాపాడే బీమా మార్కెట్లో దొరకదు. కాబట్టి ఇంటి యజమాని టౌన్ మీటింగ్‌కు వెళ్లి ఓటుతో కాపాడుకుంటాడు. ఈ వివరణ ఇప్పటికీ నిలబడుతోంది. అయితే పక్కింటికి ఎవరు రావాలన్న ఇష్టాయిష్టాలూ ఇంటి విలువ అన్న మాటలోనే దాక్కుంటాయి. వాటిలో వర్గముంది, జాతి ఉంది. ఏది ఎంతన్నది ఓట్ల లెక్కలో తేలదు.

సమర్థకుల మూడు దారులు

ఇటువైపూ ఏకాభిప్రాయం లేదు. సరఫరా వాదులకు సమస్య సూటిగా కనిపిస్తుంది. ఉద్యోగాలు పెరిగాయి, ఇళ్లు పెరగలేదు, ధరలు పెరిగాయి. 2035 నాటికి 2,22,000 కొత్త ఇళ్లు కావాలని రాష్ట్ర ప్రభుత్వ గృహ ప్రణాళిక అంచనా. ఇన్ని ఇళ్లు బోస్టన్ ఒక్కటే మోయలేదు కాబట్టి శివార్లు తలుపు తీయాలంటారు.

సామాజిక న్యాయం కోరే బృందం 1912 నుంచీ సాగిన మినహాయింపు చరిత్రను ముందుంచుతుంది. ధర తగ్గినా తగ్గకపోయినా, మంచి బడి ఉన్న ఊళ్లో అద్దె ఇల్లన్నదే లేకుండా చేయడం అన్యాయమన్నది వాళ్ల మాట. రవాణా, వాతావరణ బృందానికి స్టేషన్ ముఖ్యం. ప్రజాధనంతో వేసిన రైలు మార్గం పక్కన అరెకరం పచ్చికలు ఉండడం వాళ్ల దృష్టిలో వృథా. ఈ బృందానికి గట్టి దెబ్బ రైళ్ల నుంచే తగిలింది. 2022లో ఎంబీటీఏ ఆరెంజ్ లైనును నెల రోజులు మూసేసింది. 2023లో పట్టాల లోపాల వల్ల రైళ్లు చాలాచోట్ల నత్తనడక నడిచాయి. చట్టం గడువులు పడుతున్న రోజులే అవి. రైలునే నమ్మలేనప్పుడు రైలు పక్కన ఇళ్లెందుకన్న ప్రశ్నకు సభల్లో సమాధానం లేకపోయింది. 2024 చివరికి పట్టాలు బాగుపడ్డాయి గానీ అప్పటికే చాలా ఊళ్లలో అభిప్రాయాలు గట్టిపడ్డాయి.

పరిశోధన ఎంతవరకు తేల్చింది

ఎవరు మాట్లాడుతున్నారన్న ప్రశ్నకు గట్టి జవాబు మసాచుసెట్స్ నుంచే వచ్చింది. బోస్టన్ యూనివర్సిటీకి చెందిన కేథరిన్ లెవిన్ ఐన్‌స్టీన్, డేవిడ్ గ్లిక్, మ్యాక్స్‌వెల్ పామర్ ఈ రాష్ట్రంలోని 97 ఊళ్లూ నగరాల ప్లానింగ్ సభల మినిట్స్ చదివారు. మాట్లాడిన వాళ్లను ఓటర్ల జాబితాలతో, ఆస్తి రికార్డులతో సరిపోల్చారు. మాట్లాడిన వాళ్లలో 63 శాతం కొత్త ఇళ్లను వ్యతిరేకించారు, 15 శాతమే సమర్థించారు. ఊరి సగటుతో పోలిస్తే వీళ్లలో వయసు మళ్లినవాళ్లు, మగవాళ్లు, ఎన్నేళ్లుగానో అక్కడే ఉంటున్నవాళ్లు, సొంతిల్లున్నవాళ్లు ఎక్కువ. ఊరి గొంతు అని మనం వినేది ఊరందరి గొంతు కాదని ఈ పని చూపింది. మిల్టన్ విషయంలో దీన్ని జాగ్రత్తగా వాడాలి. అక్కడ వ్యతిరేకించింది సభలో లేచి నిలబడ్డ కొద్దిమంది కాదు, పెట్టెలో పడ్డ ఓట్లు.

బడుల మీద భయానికి ఆధారం బలహీనంగానే ఉంది. బోస్టన్ మహానగర ప్రణాళికా మండలి 2017లో 200కు పైగా బడి డిస్ట్రిక్టులను పరిశీలించింది. ఇళ్ల పెరుగుదలకూ విద్యార్థుల పెరుగుదలకూ మధ్య చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. పిల్లలు ఎదిగి వెళ్లిపోయిన పాత ఇళ్లు అమ్ముడై, కొత్త దంపతులు చేరడం వల్లే బడులు ఎక్కువగా నిండుతున్నాయి. అయినా సగటు లెక్క ఒక్కో ఊరికి ఊరట ఇవ్వదు. ఒకే ఏడాది మూడు వందల అపార్ట్‌మెంట్లు వచ్చిపడిన ఊరి బడిలో ఏమవుతుందో రాష్ట్ర సగటు చెప్పలేదు.

ధరల మీద సాక్ష్యం ఇంకొంచెం చిక్కు. ఆర్థికవేత్త ఎవన్ మాస్ట్ అధ్యయనం ప్రకారం వంద మంది ఉండే కొత్త మార్కెట్ ధర భవనం కడితే, ఒకరి ఇంట్లోకి ఒకరు మారుతూ పోయే గొలుసులో చివరికి 45 నుంచి 70 మంది తక్కువ ఆదాయ పేటల నుంచి బయటికి మారగలుగుతున్నారు. కొత్త భవనాల దగ్గర్లో అద్దెలు సుమారు 6 శాతం తగ్గాయని ఆయనా ఇద్దరు సహచరులూ చేసిన మరో అధ్యయనం చెప్పింది. కానీ ఇవి నగరాల లెక్కలు. ఒంటరి ఇళ్ల శివారుకు ఎంతవరకు వర్తిస్తాయో నేరుగా చెప్పడం కష్టం.

జోనింగ్ మారిస్తే ఇళ్లు వస్తాయా అన్నది వేరే ప్రశ్న. షికాగోలో రైలు స్టేషన్ల చుట్టూ నియమాలు సడలించాక అయిదేళ్లలో స్థలాల ధరలు పెరిగాయి గానీ నిర్మాణ అనుమతులు పెరగలేదని పరిశోధకుడు యోనా ఫ్రీమార్క్ చూపారు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో 2016లో నివాస భూమిలో సుమారు నాలుగింట మూడొంతులకు సాంద్రత పెంచారు. అక్కడ నిర్మాణం బాగా ఊపందుకుందని గ్రీనవే మెక్‌గ్రెవీ, ఫిలిప్స్ లెక్కలు చెబుతున్నాయి. నా చదువులో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. కొద్ది చోట్ల కొద్దిగా సడలిస్తే ఆ కొద్ది స్థలాల యజమానులకు లాభం, విస్తారంగా సడలిస్తే ఇళ్లు. మసాచుసెట్స్ చట్టం రూపంలో మొదటి తరహాకు దగ్గరగా ఉంది. దాని సమర్థకులు ఈ విషయం తక్కువగా మాట్లాడతారు. రోడ్రిగెజ్ పోస్, స్టోర్పర్ లాంటి విమర్శకులైతే ధనిక నగరాల అసమానతకు జోనింగ్ సడలింపు మందే కాదంటారు.

మూడు ఊళ్లు, మూడు ఫలితాలు

మిల్టన్ కేసులో 2025 జనవరి 8న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి కింబర్లీ బడ్ రాసిన ఆ తీర్పు రెండు పక్షాలకూ తలో ముక్క ఇచ్చింది. చట్టం రాజ్యాంగబద్ధమే. గ్రాంట్లు వదులుకుని ఊరు తప్పించుకోలేదు, అటార్నీ జనరల్ కోర్టు ద్వారా అమలు చేయించవచ్చు. అయితే ప్రభుత్వం మార్గదర్శకాలను సరైన విధానంలో చేయలేదు కాబట్టి అవి చెల్లవు. వారంలోపే ప్రభుత్వం అత్యవసర నియమాలు తెచ్చింది. జూన్‌లో మిల్టన్ టౌన్ మీటింగ్ కొత్త జోనింగ్‌ను ఆమోదించింది. ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్న చట్టపరంగా ఇక్కడితో ముగిసింది. అధికారం రాష్ట్రానిది, ఊరు దాన్ని వాడుకుంటోంది, అంతే.

నీధమ్ మరో దారి పట్టింది. అక్కడి టౌన్ మీటింగ్ 2024లో చట్టం అడిగిన దానికంటే పెద్ద ప్రణాళిక చేసింది. 2025 జనవరిలో ఓటర్లు దాన్ని కొట్టేశారు. కొన్ని నెలల్లోనే, చట్టానికి సరిపోయేంత చిన్న ప్రణాళిక పెద్ద గొడవ లేకుండా నెగ్గింది. ఇళ్లు వద్దనడం వేరు, ఇన్ని వద్దనడం వేరు అని ఈ ఊరు చూపించింది.

అందరికంటే ముందు ఒప్పుకున్నవాటిలో లెక్సింగ్టన్ ఒకటి. 2023లో ఏకంగా 227 ఎకరాల్లో సాంద్రత పెంచింది. రెండేళ్లలోపే వెయ్యికి పైగా ఇళ్లకు ప్రతిపాదనలు వచ్చాయి. ఊరు ఉలిక్కిపడింది. 2025 మార్చిలో టౌన్ మీటింగ్ ఆ విస్తీర్ణాన్ని బాగా కుదించింది. ఇది సమర్థకులు తలుచుకోవడానికి ఇష్టపడని ఉదాహరణ. వ్యతిరేకులూ తలుచుకోవాల్సిన ఉదాహరణ. జోనింగ్ మార్చినా ఎవరూ కట్టరన్న మాట నిజం కాదని, ఆ సామర్థ్యం అంకెలు కాగితం మీదివేనన్న ఓదార్పు అన్ని ఊళ్లకూ చెల్లదని తేలింది.

తెలుగు కుటుంబాలు ఎటు

మంచి బడుల పేరున్న ఈ శివార్లలోనే, లెక్సింగ్టన్, యాక్టన్, వెస్ట్‌బరో, ష్రూస్‌బరీ లాంటి చోట్ల, తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. వాళ్లు ఈ వాదంలో రెండు వైపులా ఉన్నారు. పదేళ్ల కిందట ఇల్లు కొన్నవారికి బడి నిండడం, పన్ను పెరగడం సొంత భయాలే. ఇప్పుడు వచ్చిన హెచ్1బీ ఉద్యోగికి అదే ఊళ్లో రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు దొరకడమే గగనం. ఇందులో సరిగా చర్చకు రాని విషయం ఓటు. హెచ్1బీ మీద ఉన్నవారికే కాదు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా టౌన్ మీటింగ్‌లో గానీ రెఫరెండంలో గానీ ఓటు లేదు. ఇరవై ఏళ్లు ఆస్తి పన్ను కట్టినా పౌరసత్వం వచ్చేదాకా అంతే. వాళ్లకు మిగిలింది ప్లానింగ్ బోర్డు సభలో లేచి మాట్లాడడం. ఇంకా ఆ ఊరికే రాని కుటుంబానికి అదీ లేదు. స్వపరిపాలన వాదన ఎంత గౌరవించదగ్గదైనా ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఊరు అన్న మాటలో ఎవరెవరున్నారు?

ఇంకా తేలనివి

మొదటి రెండు ప్రశ్నల మీద కొంత స్పష్టత వచ్చింది. ఇళ్ల కొరత ఉందని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటున్నారు. రాష్ట్రానికి అధికారముందని కోర్టు చెప్పింది. ఊరు ‘వద్దు’ అనలేకపోయినా ‘ఎక్కడ, ఎలా’ అన్నది దాని చేతిలోనే ఉండడం, నా దృష్టిలో, న్యాయమైన పంపకమే. మూడో ప్రశ్న దగ్గరే రాష్ట్రం తన పని చేయలేదు.

2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ఆడిటర్ డయానా డిజోగ్లియో ఈ చట్టం ఊళ్ల మీద నిధులివ్వని భారమని తేల్చారు. దాన్ని ఆసరా చేసుకుని కొన్ని ఊళ్లు కోర్టుకెక్కాయి. జూన్‌లో సుపీరియర్ కోర్టు ఆ కేసులను కొట్టేసింది. ఎప్పుడో రాబోయే ఇళ్ల ఖర్చు ఇప్పుడు పడే భారం కాదన్నది ఆ తీర్పు తర్కం. చట్టప్రకారం అది సరైందే కావచ్చు. కానీ ఇళ్లు నిజంగా వచ్చిన రోజున బడి గది ఎవరు కట్టిస్తారన్న ప్రశ్న అలాగే ఉంది. ప్రపోజిషన్ రెండున్నర పరిమితీ చెక్కుచెదరలేదు. వ్యతిరేకుల వాదనల్లో బలమైనది ఇదే. దీనికి సమాధానంగా ‘మీరు స్వార్థపరులు’ అనడం చాలదు. కొత్త ఇళ్ల లెక్క ప్రకారం బడికి అదనపు సాయం ఇచ్చే ఏర్పాటు ఈ చట్టం పక్కన ఉండి ఉంటే, మిల్టన్‌లో సగానికి మించి పడిన ఆ నాలుగు శాతం ఓట్లు ఎటు పడేవో ఆలోచించాలి.

అందుబాటు ధర వాటా 10 శాతమా, 20 శాతమా అన్నదీ తేలలేదు. వాటా పెంచితే నిర్మాణం ఆగిపోతుందన్న భయానికీ, పెంచకపోతే పేదలకు ఏమీ మిగలదన్న ఆవేదనకీ మధ్య, ఊరూరా వడ్డీ రేట్లు, స్థలం ధరలు, కూలి ఖర్చులు లెక్కలు మారుస్తున్నాయి. నీళ్లు లేని ఊళ్లకు వేరే కొలమానం కావాలా అన్న ప్రశ్నను రాష్ట్రం సెప్టిక్ నియమాలకు వదిలేసింది.

అన్నిటికంటే ముందు తేలబోయేది లెక్సింగ్టన్‌లోనే. జోనింగ్‌ను కుదించినా, ముందే దరఖాస్తు చేసిన ప్రాజెక్టులకు పాత నియమాలే వర్తిస్తాయి. ఆ భవనాలు పూర్తయి కుటుంబాలు చేరాక ఎంతమంది పిల్లలు బడికి వచ్చారు, ఎంత పన్ను వచ్చింది, ఎంత ఖర్చయింది, పక్క వీధిలో అద్దె ఏమైందన్నది ఒకే ఊళ్లో లెక్కపెట్టే వీలు కలుగుతుంది. ఆ లెక్కను ఊరూ రాష్ట్రమూ కలిసి బహిరంగంగా ఏటా ప్రకటించే ఏర్పాటు ఇప్పటినుంచే చేసుకోవాలి.